భాగ్య పేరు మీది చేపలు

ఒడ్డున పెళ్లివారు దిగినంత సందడిగా ఉన్నా భాగ్య మాత్రం వలకు పట్టిన పాచిని బ్రష్షుతో గీకుతూనే ఉంది. బాపట్ల దిక్కు సముద్రపు ఒడ్డు నుంచి మత్స్యకార ఆడవాళ్లు వ్యానులో వచ్చారు. అక్కడ వేట తగ్గిపోయింది. ఇక సముద్రంలోనే వల పంజరాలు దించి పండుగప్ప చేపలు పెంచుకుందామని వాళ్ల ఆలోచన. ముందు పాలకీడు దగ్గర కృష్ణా నది వెనక జలాల్లో ఉన్న ఈ చేపల పంజరాలు చూసిపోదామని వచ్చారు. పంజరాలు భాగ్య పేరు మీదే ఉన్నాయి. "ఆడోళ్ల పేరు మీదైతే సర్కారు నుంచి జల్ది మంజూరైతయి" అని మొగుడు ఉపేందరే దగ్గరుండి సంతకం పెట్టించాడు.

మేత బస్తాలు మోసేది, చిరిగిన వల కుట్టేది, పాచి గీకేది భాగ్యే. అదంతా ఒడ్డు మీదే. ఆడది పడవెక్కితే నీళ్లకు కోపమొస్తదని, కాపురానికొచ్చిన కొత్తలోనే అత్త అచ్చమ్మ చెప్పింది. ఒకసారి చేపలు చచ్చి తేలితే, "పడవ గిట్ల ముట్టినవా?" అని నిలదీసింది కూడా. ముట్టలేదు. అయినా భాగ్య ఆ రోజంతా తప్పు చేసినదానిలా తలొంచుకునే తిరిగింది.

"పంజరాలు నీవేనంటగా తల్లీ! రా, నువ్వే చూపించు" అంది వచ్చినవాళ్లలో పెద్దావిడ సత్యవతి.

భాగ్య నోరు తెరిచేలోపే ఉపేందర్ నవ్వాడు. "దానికి నీళ్లంటే బయమమ్మా. సూస్తేనే కండ్లు తిరుగుతయి. ఏమే, జర చాయ్ పెట్టు."

"అవునక్కా, బయమే" అంది భాగ్య. చెరువులో ఈదులాడి పెరిగిన మనిషి! ఆ అబద్ధం తన నోటికి అంత సులువుగా ఎట్లా వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు.

"పైలం అమ్మా, గీడ కాలు పెట్టున్రి" అంటూ ఉపేందర్ వాళ్లందరినీ చెయ్యందించి మరీ పడవెక్కించాడు. అచ్చమ్మ ఒడ్డున నిలబడి నవ్వుతూ చెయ్యూపింది. నీళ్లకు కోపమేమీ రాలేదు. పడవ హాయిగా సాగిపోయింది. భాగ్యకు మొగుడి మీద, అత్త మీద రావాల్సిన కోపం కూడా రాలేదు. సిగ్గేసింది, తన మీద తనకే. ఇన్నేళ్లూ ఆ కోపం నీళ్లదేననుకుంది పిచ్చిది! చాయ్ పొంగి పొయ్యిలో పడుతున్నా చూసుకోలేదు.

పడవ తిరిగొచ్చింది. "ఎంత బావున్నాయమ్మా నీ చేపలు! మేతేస్తే ఎగిరెగిరి పడుతున్నాయి. భయమైనా అప్పుడప్పుడూ వెళ్లి కళ్లారా చూసుకుంటావుగా, అదృష్టవంతురాలివి" అంది సత్యవతి.

చాయ్ గ్లాసుల కోసం ఉపేందర్ చెయ్యి చాచాడు. భాగ్య వాటిని కింద పెట్టేసింది.

"నేనొక్కనాడన్న సూడలేదక్కా. నాకు బయం గియం లేదు, ఇందాక అబద్దం చెప్పిన. మీకు తెడ్డు ఎయ్యొస్తదా? రాండ్రి, నా చేపలు నాకు సూపియ్యున్రి."