ఎడమకి ఊపిరి లేదు

అవి ఇంట్లో పెట్టుకునే వస్తువులు కానే కావు. ఒక్కొక్కటి బీరువాలో సగం ఉంటుంది. నల్లరంగు పూసిన చెక్కపెట్టెలు, మూలలకి ఇనుప తొడుగులు, ముందువైపు జాలీ, దాని వెనక బూరలా నోరు తెరుచుకున్న భోంగా. నాటకశాల మూతపడి సామాను అమ్మేస్తుంటే తక్కినవాళ్లంతా కుర్చీలకీ ఫ్యాన్లకీ ఎగబడ్డారు. మైకు బాబాయి మాత్రం ఈ రెండు స్పీకర్లనీ తోపుడు బండి మీద వేయించుకుని ఇంటికొచ్చాడు. ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. ఆ నాటకశాలలో మైకులూ స్పీకర్లూ చూసుకుంటూనే ఆయన తల నెరిసింది మరి.

"నాన్నా, ఇది ఇల్లా, నాటకాల స్టేజీయా?" అంది కూతురు, చంటిపిల్లని భుజాన వేసుకుని. "మనుషులెక్కడ కూర్చోవాలి, వాటి నెత్తిమీదా?"

"కూర్చోవే. ఇంకా బాగా వినపడుతుంది."

చెప్పొద్దూ, ఆ కూతురే నాలుగు రోజులు తిరక్కుండా నోరు మూసుకుంది. పెద్ద హాల్లో చివరి వరసకి కూడా మాట అందాలని చేసిన పెట్టెలాయె. ముందుగదిలో వాటికి ఆంప్లిఫయర్ మీటని ఆవగింజంత తిప్పితే చాలు, పాడేవాళ్లు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నట్టే ఉంటుంది. కింద పడుకోబెడితే కొంప కూలిపోయినట్టు ఏడ్చే పిల్ల, ఆ సన్నటి పాట మొదలయ్యేసరికి కళ్లు మూతలుపడి నిద్రపోయేది. ఆ పిల్లకి తాత పెట్టిన ముద్దుపేరు బుడంకాయ. రోజూ మధ్యాహ్నం ఎడమ పెట్టె ముందు బొంత పరిచి బుడంకాయని పడుకోబెట్టడం, రికార్డు పెట్టడం ఆయనకి అలవాటైపోయింది.

కూతురు బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ చేస్తుంది. కానుపు సెలవు అయిపోయింది, సోమవారం నుంచి పనిలోకి వెళ్లాలి. అల్లుడు లారీ ఎక్కాడంటే మళ్లీ ఎప్పుడొస్తాడో ఆ లారీకే తెలియాలి. బాబాయి భార్య పోయి చాలా కాలమైంది. ఇక పిల్లని చూసుకోవడానికి ఇంట్లో ఉన్నది ఆయనొక్కడే.

"నేనుండగా నీకేం భయమే?" అన్నాడు కూతురితో. అన్నాడు గానీ, భయమంతా ఆయన దగ్గరే ఉంది.

మొన్నామధ్య కూతురు కొట్టుకి వెళ్లినప్పుడు ఆయన వంటగదిలో కూర్చుని తీగలు చుట్టుకుంటున్నాడు. ఎందుకో లేచి ముందుగదిలోకి వచ్చి చూస్తే, పిల్ల మొహం కందగడ్డలా అయిపోయి ఉంది. నోరు బార్లా తెరిచి గుక్కపట్టి ఏడుస్తోంది. ఎంతసేపట్నుంచి ఏడుస్తోందో! ఆయనకి పక్కగదిలో చీమ చిటుక్కుమన్నట్టు కూడా లేదు. పిల్లని ఎత్తుకుని ఊరుకోబెట్టాడు. ఆ సంగతి కూతురికి చెప్పలేదు. చెప్తే పిల్లని తన దగ్గర వదలదు. ఆ పిల్లే లేకపోతే పొద్దున్నే ఎందుకు లేవాలో కూడా ఆయనకి తెలీదు. తలుపు వేసి ఉండుంటుందిలే, వీధిలో బండి పోయి ఉంటుందిలే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. రాత్రిళ్లు మాత్రం నిద్రపట్టేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం కూతురు పెరట్లో కుళాయి దగ్గర బట్టలుతుకుతోంది. బుడంకాయ బొంత మీద అప్పుడే కునుకులోకి జారింది. బాబాయి రికార్డు పెట్టి, దాని మీదకి ముల్లు ఇంకా దించకుండానే ఆంప్లిఫయర్ వేసి, పాత అలవాటు కొద్దీ వంగి ఎడమ పెట్టె భోంగాకి చెవి ఆనించాడు.

నాటకశాలలో రోజూ చేసిన పనే అది. కరెంటు వేయగానే, ఇంకా మాటా పాటా రాకముందే, పెట్టెలోంచి సన్నగా స్స్‌మని ఒక చప్పుడు వస్తుంది. అది వస్తే పెట్టె బతికున్నట్టు. వాళ్ల భాషలో దాని పేరు ఊపిరి. తెర లేవబోయే ముందు బాబాయి ఒక్కో పెట్టెకీ చెవి పెట్టి, హాలు అవతలి చివర మీటల దగ్గర కూర్చున్నవాడికి వినపడేలా అరిచేవాడు. "ఎడమకి ఊపిరుంది! కుడికి ఊపిరుంది!" ఆ కేక వినందే తెర లేచేది కాదు.

ఇప్పుడు ఎడమకి ఊపిరి లేదు. కుడివైపు వెళ్లి విన్నాడు. దానికీ లేదు. తీగలు లాగి మళ్లీ బిగించాడు. లేదు. మీటని కొంచెం తిప్పాడు, ఇంకొంచెం తిప్పాడు, చివరికి ఇక తిరగనన్నంతవరకూ తిప్పేసి మళ్లీ వంగాడు. పైన ఫ్యాను తిరుగుతున్న హోరు తప్ప ఇంకేమీ లేదు.

పెట్టెలు పాడైపోతే ఎవరైనా ఏడుస్తారు. బాబాయికి మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య! ఫ్యాను హోరు వినపడుతోందిగా, పాడైంది పెట్టెలే, నా చెవులు కావు. అన్నాళ్ల భయం ఒక్కసారిగా దిగిపోయి, పాడైన పెట్టెల్ని చూస్తూ పిచ్చి సంతోషంతో పాత రోజుల్లోలాగే గొంతెత్తి కేకేశాడు.

"ఊపిరి లేదు! ఎడమకి ఊపిరి లేదు!"

ఎందుకైనా మంచిది, పాట పెట్టి కూడా చూద్దామని రికార్డు ప్లేయర్ ముల్లుని చేత్తో పైకెత్తాడు. దాన్ని తిరుగుతున్న రికార్డు మీదకి దించబోతుండగా పెరటి తలుపు ధడాలున తెరుచుకుంది. కూతురు తడిబట్టలతో, ఒళ్లంతా సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చి బొంత మీద పడింది. పిల్లని లాక్కుని గుండెకి హత్తుకుంది. తడి చేతులకి ఉలిక్కిపడి పిల్ల కెవ్వుమంది.

"ఏమైంది నాన్నా? పిల్లకేమైంది?"

"పిల్లకేమైంది? నేనన్నది పెట్టె గురించే తల్లీ! పెట్టె చచ్చింది."

"నా ప్రాణాలు తోడేశావు కదా..." అంటూనే ఆమె పిల్ల చెవులు రెండూ మూసింది. "ముందు ఆ మోత ఆపు! ఏంటా హోరు, తల పగిలిపోతోంది!"

"ఏ మోత? ఫ్యాను కదే అది."

"ఫ్యానెక్కడ తిరుగుతోంది నాన్నా? పిల్లకి జలుబని పొద్దున్నే ఆపేశాను."

బాబాయి తలెత్తి చూశాడు. ఫ్యాను రెక్కలు కదలకుండా ఉన్నాయి. హోరు మాత్రం వినపడుతూనే ఉంది.

ఆయన కళ్లు మీట మీదకి వెళ్లాయి. అది చివరిదాకా తిరిగి ఉంది. తర్వాత తన చేతి వైపు చూసుకున్నాడు. ముల్లు రికార్డుకి వేలెడు ఎత్తులో ఉంది. ఒకసారి నాటకశాలలో మీట ఇలాగే ఎక్కువగా ఉన్నప్పుడు స్టాండు మీంచి మైకు జారి పడింది. పెట్టె పక్కనే నిలబడి మాటలందిస్తున్న మనిషి చెవిలోంచి నెత్తురొచ్చింది. ఆ చెవి మళ్లీ పనిచేయలేదు. అంత పెద్ద హాల్లో, అంత పెద్ద మనిషికి అయిందది. ఇక్కడ ఇంత గదిలో, పెట్టెకి మూరెడు దూరంలో, చంటిపిల్ల! ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఆయన ముల్లు దించేసి ఉండేవాడు.

చెయ్యి ఏమాత్రం కదిలినా ముల్లు రికార్డు మీదకి జారుతుందని భయమేసింది. దాన్ని పక్కకి జరిపే ధైర్యం కూడా లేకపోయింది.

"అమ్మా, పిల్లని తీసుకుని బయటికి పో."

"ఏంటి నాన్నా, ఏమైంది..."

"పో అన్నానా!"

ఎన్నడూ కసరని తండ్రి కసిరేసరికి ఆమె మారుమాట లేకుండా పెరట్లోకి పోయింది. బాబాయి కుడిచేత్తో ముల్లుని అలాగే పట్టుకుని, ఎడమచెయ్యి చాచి మీటని తడుముకుని వెనక్కి తిప్పాడు. తిప్పుతున్నకొద్దీ, తిరగని ఫ్యాను హోరు మెల్లమెల్లగా తగ్గి ఆగిపోయింది. అప్పుడు ముల్లుని దాని చోట పెట్టి నేల మీద కూలబడ్డాడు.

కాసేపటికి కూతురు గుమ్మంలోకి వచ్చింది. ఇక దాచడానికేం లేదు.

"నాకు వినపడట్లేదమ్మా," అన్నాడు. "మొన్న పిల్ల ఏడ్చింది. అదీ వినపడలేదు."

"ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నావా?"

"చెప్తే పిల్లని నా దగ్గర వదలవని."

"వదలను," అంది ఆమె మొహమాటం లేకుండా. "ఇలాంటి చెవులతో ఉంటే ఎలా వదులుతాను? ఏమన్నా జరిగుంటే?" అంతలోనే ఆమెకి ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "రేపు పనిలోకి వెళ్లను. ముందు చెవుల డాక్టరు దగ్గరికి పోదాం. ఫ్యాక్టరీవాళ్లకి నేనేదో చెప్పుకుంటాలే."

ఆయన తల వంచుకుని ఊ అన్నాడు. కూతురు లోపలికొచ్చి, ఎక్కిళ్లతో మళ్లీ నిద్రలోకి జారుతున్న పిల్లని తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"బట్టలు జాడించి వస్తాను, పట్టుకో. కదలకు."

బాబాయి అలవాటు కొద్దీ చెవి పిల్ల మొహం దగ్గరికి వంచబోయి మధ్యలోనే ఆగిపోయాడు. దానికి బదులు తన అరచెయ్యి ఆ చిన్న గుండె మీద ఆనించాడు. వేళ్ల కింద ఆ గుండె లేస్తోంది, దిగుతోంది. ఆయన చెయ్యి తియ్యలేదు.

పెరట్లో కుళాయి నీళ్లు పడుతున్నాయి. ఆ చప్పుడుని మించి, ఆయనకి వినపడాలని గొంతు చించుకుంటూ కూతురు అరిచింది.

"నాన్నా! ఊపిరుందా?"

"ఉందమ్మా!" పిల్ల లేవకుండా గుండె మీద చెయ్యి అలాగే ఉంచి, ఆయన పెరటివైపు తిరిగి కేకేశాడు. "ఊపిరుంది!"