ఈ వాన ఎవరిది

కుళాయి వచ్చే వేళకి రిసాలి ఉక్కు కాలనీలోని ఆ పై అంతస్తు క్వార్టర్లో కోటమ్మ పనులన్నీ ఒక వరసలో సాగేవి. బిందె కుళాయి కింద పెట్టేది, పాలు పొయ్యి మీద పెట్టేది, బాల్కనీ గోడ మీద రాత్రంతా పేరుకున్న ఎర్రదుమ్ము తడిగుడ్డతో తుడిచేది. ఆ తర్వాత హాల్లో చినుకులు ఎక్కడెక్కడ పడుతున్నాయో చూసుకుని గిన్నెలు సర్దేది. వాన వంటింటికి మళ్ళితే గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని పోపు వేసేది.

అవును, వాన ఇంట్లోనే. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా సరే, సీలింగుకి జానెడు కిందనుంచి మొదలై శుభ్రంగా పడేది. ఆ ఇంటి ఇల్లాలు లలితాంబ పోయిన దగ్గర్నుంచీ ఇదే తంతు. క్వార్టర్ల ఆఫీసుకి వెళ్ళి చెబితే అక్కడి గుమాస్తా, "పైపు కారితే రాసుకుంటాం, వాన మా డిపార్ట్‌మెంటు కాదు భయ్యా" అని చల్లగా పంపేశాడు. ఇంట్లో వాన పడుతోందని ముక్కున వేలేసుకున్నవాళ్ళెవరూ లేరు. అందరికీ ఒకటే సందేహం, అది ఎవరి వాన అని.

"ఎవరిదేటి, నాదే" అనేది కోటమ్మ.

ఎవరూ కాదనలేదు. శ్రీకాకుళం వైపు నుంచి మరదలి కర్మకాండకని వచ్చి, తమ్ముడికీ అతని కూతురికీ ఇంత ఉడకేసి పెట్టడానికి ఉండిపోయిన మనిషి ఆవిడ. మొగుడు ఎప్పుడో పోయాడు. ఏడుపు ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. సీరియల్లో అత్త కోడల్ని తిట్టినా ఏడుపే, ముద్దు పెట్టుకున్నా ఏడుపే. ముక్కూ మొహం తెలియనివాళ్ళ పెళ్ళి ఫొటోలు చూసి కూడా ముక్కు చీదేది. తమ్ముడు మల్లేశ్వరరావు దానికి పూర్తిగా ఎదురు. రోలింగ్ మిల్లులో పని. భార్య చితి దగ్గర కూడా ఆయన కంట చుక్క రాలలేదు. "మగాడంటే అలా ఉండాలి" అని బంధువులు మెచ్చుకున్నారు కూడాను.

వాన తగ్గలేదు. పరుపులు బూజు పట్టాయి. కింది వాటాలో సాహు ఆంటీ పూజగదిలోకి చెమ్మ దిగింది. ఒకరోజు మల్లేశ్వరరావు కంచంలోకి చూస్తూ అన్నాడు:

"అప్పా, కొన్నాళ్ళు నందినిలో ఉండీ రా. మనోహర్‌తో మాట్లాడినాను. వచ్చే ఆదివారం తీసుకెళ్తాడు."

మనోహర్ కోటమ్మకి మరిది. నందినిలోని సున్నపురాయి గనుల కాలనీలో పెద్ద సంసారం. అక్కడికి వెళ్తే కొన్నాళ్ళతో తెమిలేది కాదనీ, ఆ ఇంటి పొయ్యికి ఒక మనిషి కావాలనీ అందరికీ తెలుసు. కోటమ్మ "అలాగే లేరా" అని పెరుగు వడ్డించింది. పక్కన కూర్చున్న కూతురు వాసవి కంచం పక్కకి జరిపేసింది. అమ్మ పోయాక తనని మళ్ళీ మనిషిని చేసింది అత్తే. రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తే వీపు నిమిరింది అత్తే. ఆవిడ వెళ్ళిపోతే ఈ ఇంట్లో ఎలా ఉండాలిరా భగవంతుడా అనుకుంది ఆ పిల్ల.

వాసవి బీకాం చదివింది. దుర్గ్‌లో ఏదైనా ఆఫీసులో అనలిస్టు ఉద్యోగం వస్తుందేమోనని, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం రాసిన డేటా వేర్‌హౌస్ పుస్తకం ఒకటి పాతది కొనుక్కుని, లాప్‌టాప్ ముందేసుకుని కుస్తీ పడుతోంది.

"ఏటే గుంటా, ఆ పుస్తకం నిన్ను కొరికేస్తున్నాదేటి?" అంది కోటమ్మ ఆ మధ్యాహ్నం.

"ఒక్క ముక్క ఎక్కట్లేదత్తా. ఎక్కడో కాఫీ గింజల కంపెనీ అట. ఎంత అమ్మారు అన్నది ఫ్యాక్టు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఇవి డైమెన్షన్లు. నాలుగు చోట్ల నుంచి లెక్కలు తెచ్చి, కడిగి, ఒక్క గోదాంలో, అదే వేర్‌హౌస్‌లో, పెట్టాలి. అప్పుడు ఏ వైపు నుంచి అడిగినా జవాబొస్తుంది. అర్థమైందా?"

"కాఫీ గింజలు మనకెందుకే? మనింటి వాన రాసుకో. ఎంత పడింది, ఏ గదిలో, ఏ పూట. గిన్నెలు పెట్టేది నానే కదా, కొలిచి చెప్తాను."

పిచ్చితల్లి! తన మీద సాక్ష్యం తనే కొలిచి ఇస్తానంటోంది.

ఆ పూట నుంచే మొదలుపెట్టారు. కోటమ్మ సోలల్లో, తవ్వల్లో చెప్పేది. వాసవి వాటిని లీటర్లలోకి మార్చేది. లెక్కలు కడగడమంటే ఏమిటో పుస్తకంలో మూడుసార్లు చదివినా తలకెక్కనిది ఇట్టే తెలిసిపోయింది. పాత వానలకి సాహు ఆంటీ వాట్సాప్ పనికొచ్చింది. "బేటీ, ఫిర్ బారిష్?" అని, అంటే మళ్ళీ వానా అని, ఆవిడ పంపిన ప్రతి మెసేజికీ తేదీ, టైమూ ఉన్నాయి. అవన్నీ గోదాంలో పడ్డాయి. ఏ వాన పడినప్పుడు ఇంట్లో ఎవరున్నారన్నది కూడా గుర్తున్నంత వరకూ ఎక్కించింది. నాన్న షిఫ్టులు మారుతూ ఉండడంతో ఆయన పేరు సగం వానలకే పడింది. అంతా అయ్యాక వాసవి మీట నొక్కింది.

తెర మీద కోటమ్మ పేరున్న కడ్డీ అన్నిటికంటే పొడుగ్గా నిలబడింది. పడిన ప్రతి వానకీ ఆవిడ ఇంట్లోనే ఉంది మరి.

"చూసినావా, కంప్యూటరే చెప్పీసింది" అన్నాడు మల్లేశ్వరరావు వెనకనుంచి. ఆ గొంతులో గెలిచిన సంతోషమేమీ లేదు. ఆయన భుజాల మీద తుంపర పడుతోంది.

"నాను ముందే చెప్పినాను కదా" అంది కోటమ్మ. తెరకేసి కళ్ళు చికిలించి చూసి మేనకోడలి బుగ్గలు పుణికింది. "ఎంత బాగా నేర్చుకున్నావే తల్లీ! గీతలు ఎంత తిన్నగా ఉన్నాయో!"

వాసవికి ఏడుపు తన్నుకొచ్చింది. లాప్‌టాప్ మూసేసి పక్కగదిలోకి పోయింది.

శనివారం కోటమ్మ చీరలు మడతపెట్టి సంచీలో సర్దుకుంటోంది. అది చూడలేక వాసవి పుస్తకం తెరిచి, ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి చదవసాగింది. కాఫీ అమ్ముడైన రోజులే ఎక్కించి ఊరుకోవద్దట. కొట్టు తీసి ఉండీ ఒక్క గింజ కూడా అమ్ముడుపోని రోజులు కూడా ఎక్కించాలట. లేకపోతే ఎందుకు అమ్ముడైందో ఏనాటికీ తెలియదట.

వాసవి పుస్తకం పట్టుకునే లేచి వచ్చింది.

"అత్తా! వాన పడని పూటలు మనం రాయనే లేదు!"

"పడని వానని ఏటి కొలుస్తామే?"

"కొలవక్కర్లేదు, గుర్తు తెచ్చుకో. నువ్వు ఇంట్లో ఉండీ పడని పూట ఎప్పుడైనా ఉందా?"

కోటమ్మ చీర ఒళ్ళో పెట్టుకుని ఆలోచించింది. "ఉండకేటి? మొన్న సీరియల్లో ఆ పిల్ల చచ్చిపోయినప్పుడు నానూ సాహు దీదీ కూర్చుని సాయంత్రం దాకా ఏడిచినాం. చుక్క పడలేదు. అంతకు ముందు వారం మీ అమ్మ చీరలు ఎండలో వేసి కూడా ఏడిచినాను. అప్పుడూ ఇల్లు పొడే." ఆగి, నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మో!"

వాసవి వంటింటి గోడకి అంటించిన తండ్రి ఏడాది డ్యూటీ చార్టు ఊడబీక్కొచ్చింది. ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు అన్నీ ఎక్కించింది. షిఫ్టు మారినప్పుడల్లా వాన వేళ కూడా మారుతూ వచ్చింది, అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ అంతు చిక్కలేదు. ఆయన పొద్దున డ్యూటీకి వెళ్ళిన వారమంతా వాన సాయంత్రాలు. మధ్యాహ్నం వెళ్ళే సెకండ్ షిఫ్టయితే పొద్దున్నే. వీక్లీ ఆఫ్ నాడు రోజంతా. అన్నిటికంటే ఎక్కువ పడింది గుమ్మం దగ్గర, ఆయన డ్యూటీ దిగి లోపలికొచ్చే వేళకి. అక్కడే రోజూ లలితాంబ నిలబడి ఆయన చేతిలో టిఫిన్ డబ్బా అందుకునేది.

ఆదివారం పొద్దున నైట్ షిఫ్టు దిగి మల్లేశ్వరరావు ఇంటికొచ్చాడు. బూట్లు విప్పకముందే చినుకులు మొదలయ్యాయి. వాసవి లాప్‌టాప్ తెచ్చి ఆయన ఎదురుగా పెట్టింది.

"ఇదేటి, నా డ్యూటీ చార్టా?"

"అవును నాన్నా. నువ్వు మిల్లులో ఉంటే ఇల్లు పొడిగా ఉంటోంది. నువ్వొస్తే పడుతోంది."

"నేనెప్పుడైనా ఏడవగా చూసినావా?"

"చూళ్ళేదు నాన్నా. ఒక్కసారి కూడా చూళ్ళేదు." వాసవి ఇంకో గీత చూపించింది. "అత్త ఏడిస్తే ఆవిడ కొంగు తడుస్తుంది. ఇల్లు తడవదు."

ఆయన ఆ గీతల మీద వేలు జరుపుతూ చూశాడు. వాన పెద్దదై ఆయన జుట్టు మీంచి, చొక్కా మీంచి కారుతోంది. లోపల్నుంచి సంచీతో వచ్చిన కోటమ్మ అది చూసి, "ఓరి మల్లేసూ, ముద్దయిపోతున్నావు, ఇలా వచ్చీరా" అంది.

"అప్పా" అన్నాడు ఆయన. "లలిత పోయింది."

ఆ కబురు అప్పుడే తెలిసినట్టు అన్నాడు.

"పోయింది నాయనా" అంది కోటమ్మ.

ఆయన గుమ్మంలోనే కూలబడి బావురుమన్నాడు. ఎప్పుడూ ఏడ్చే కోటమ్మ ఆ పూట ఏడవలేదు. తమ్ముడి తల పొట్టకి అదుముకుని అలా నిలబడిపోయింది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నకొద్దీ ఇంట్లో వాన సన్నబడి, తుంపరై, ఆగిపోయింది. గిన్నెల్లో టప్ టప్ చప్పుడు కూడా కాసేపటికి లేదు.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. "వదినా, రెడీయేనా? కింద బండి పెట్టి వచ్చాను" అంటూ మనోహర్ వచ్చాడు.

మల్లేశ్వరరావు చొక్కా చేత్తో మొహం తుడుచుకుని లేచాడు. అక్క చేతిలో సంచీ తీసుకున్నాడు.

"అప్ప రాదు మనోహర్. ఏడాదిగా నా ఏడుపు తన పేర రాయించుకుంది. ఇంక ఎక్కడికీ పంపను."

మనోహర్ ఆయన ఎర్రబడ్డ కళ్ళకేసి చూశాడు, తడి నేలకేసి చూశాడు. "అయితే టీ పెట్టు వదినా, తాగి వెళ్తాను" అని చెప్పులు విప్పి, గిన్నెల మధ్య చోటు చూసుకుని కూర్చున్నాడు.