ఆనాటి వంటిల్లు

“గ్యాసు బండ కనపడకుండా పెట్టు, వాళ్లు వచ్చే వేళైంది,” అని పెరట్లోంచే కేకేసి భర్త ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఇల్లంటే అసలు ఇల్లు. ఆమె ఉన్నది వంటింట్లో. రెండింటికీ మధ్య రాళ్లు పరిచిన పెద్ద పెరడు. రెండొందల ఏళ్ల కిందట ఈ రాతి ఇల్లు కట్టించుకున్న దొరలకి పొగ పడేది కాదట, మాడు వాసన అసలే గిట్టేది కాదట. అందుకని వంటింటిని దూరంగా, సముద్రం వైపు కట్టించారు. వాళ్లకేం, మహారాజులు, కట్టించారే గాని అందులో కాలు పెట్టి ఉండరు.

ఆమె బండను మూలకి జరిపి దాని మీద చెక్కపెట్టె బోర్లించింది. ఆ పెట్టెని భర్త అందుకోసమే ప్రత్యేకంగా చేయించాడు. చూడవచ్చినవాళ్లకి పెట్టె కనపడాలి, బండ కనపడకూడదు. నీళ్ల బిందె మాత్రం ఎంచక్కా కనపడవచ్చు. బావి దగ్గర్నించి ఆమె ఆ బిందె మోసుకొస్తుంటే చూసినవాళ్లు “అబ్బ, ఎంత బాగుందో!” అని ఫోటో తీసుకుంటారు కూడా. వంటింట్లో కుళాయి లేదు. ఆ కాలంలో లేదు కాబట్టి ఇప్పుడూ లేదు. పడకగదుల్లో మాత్రం ఏసీలున్నాయి, స్నానాల గదిలో మీట నొక్కితే వేడినీళ్లు వస్తాయి. “మరి ఆ కాలంలో ఇవి ఉండేవా?” అని ఒకసారి ఉండబట్టలేక అడిగింది. “అది అవసరం, ఇది చరిత్ర,” అన్నాడతను, చిన్నపిల్లకి చెప్పినట్టు.

ఇల్లు కొన్నప్పుడు మొండి గోడలే ఉన్నాయి. భర్త బీమా కంపెనీలో పెద్ద ఉద్యోగి, సెలవు దొరికితే చాలు పాత కట్టడాల వెంట తిరిగేవాడు. దీన్ని చూసి మనసు పారేసుకున్నాడు. పని దగ్గర ఒక మనిషి ఉండాలన్నాడు. ఆ మనిషి ఎవరో వేరే చెప్పాలా? ఊళ్లో రక్తపరీక్షల లాబ్‌లో ఆమెకి ఉద్యోగం ఉండేది. మధ్యాహ్నం తోటి ఆడవాళ్లతో కలిసి గలగలా మాట్లాడుకుంటూ తినే అన్నం ఉండేది. రెండూ వదులుకుని వచ్చింది. తాపీ పనివాళ్లకి టీలు కాచింది, సున్నం గోడలు పగుళ్లివ్వకుండా రోజూ తడిపింది, గుమ్మాలకి నూనె పట్టించింది. అయినా ఆ రోజులు బాగానే ఉండేవి. ఎందుకంటే అప్పట్లో వంటింటికి సముద్రం వైపు గోడ లేదు, ఎప్పుడో కూలిపోయింది. పొయ్యి ముందు నిలబడితే ఎదురుగా నీళ్లు, పడవలు, ఒడ్డున వల విప్పుకుంటూ తగువులాడుకునే మనుషులు. కూర కలుపుతూ ఆ తగువులు వినేది, మనసులోనే ఎవరో ఒకరి పక్షం చేరిపోయేది.

తర్వాత ఆ గోడ లేచింది. కాస్త కిటికీ వదలమని బతిమాలింది. భర్త పాత ఫోటో తెచ్చి చూపించాడు. ఫోటోలో గోడకి కిటికీ లేదు. పైకప్పు కింద పొగ పోవడానికి చిన్న కంత, అంతే. “ముందు ఇల్లు పూర్తి కానీ, తర్వాత చూద్దాం,” అన్నాడు. అత్తగారు ఫోన్లో విని నవ్వింది. “కిటికీ ఎందుకే తల్లీ? వంట చేస్తావా, సముద్రం చూస్తావా? మేమంతా పొయ్యి ముందే ముసలివాళ్లమైపోయాం, చచ్చామా ఏమన్నానా?” అంది. చివరి రాయి పెట్టిన రోజు ఆమె ఎవరికీ కనపడకుండా ఏడ్చింది. దేనికి ఏడుస్తున్నావని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు గాని, అడిగినవాళ్లూ లేరు.

ఒంటరితనం ఆమెకి మనుషులు వచ్చినప్పుడే ఎక్కువ తెలిసేది. సెలవు రోజుల్లో భర్త స్నేహితులు ఇల్లు చూడడానికి వస్తారు. హాల్లోంచి నవ్వులు పెరడు దాటి వంటింటిదాకా వినిపిస్తాయి, మాటలు మాత్రం వినిపించవు. ఎవరో ఏదో అంటారు, అందరూ విరగబడి నవ్వుతారు. ఆమె పళ్లెం సర్దుకుని, వాన పడుతుంటే గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, జారే రాళ్ల మీద ఆచితూచి నడిచి గుమ్మం ఎక్కేసరికి ఆ జోకు అయిపోతుంది. “ఏమైంది, ఎందుకు నవ్వుతున్నారు?” అంటే, “ఏం లేదులే, చట్నీ ఏది?” అంటారు. మళ్లీ వెనక్కి.

ఈ రోజు వచ్చేది స్నేహితులు కాదు, పాత కట్టడాల సంఘం తరఫున ఒక ఆర్కిటెక్టు. ఆవిడకి నచ్చితే గుమ్మం పక్కన ‘చారిత్రక కట్టడం’ అని రాగి పలక బిగిస్తారు. పలక బిగించాక ఇంట్లో ఒక్క రాయి కదపడానికి వీల్లేదట, కొత్తగా చిన్న కంత కొట్టడానికి కూడా వీల్లేదట. నిన్న రాత్రి భోజనాల దగ్గర భర్త ఈ మాట మురిసిపోతూ చెప్పాడు. ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. అంటే కిటికీ ఇక లేదు. కుళాయి లేదు. బతికున్నన్నాళ్లూ ఈ నాలుగు గోడలే. అడగదలచుకుంటే ఇవాళే అడగాలి. పొద్దున్నించి ఆ రెండు ముక్కల్నే లోపల పదిసార్లు పేర్చుకుంది.

ఆర్కిటెక్టు నడివయసు మనిషి. మెడలో కళ్లజోడు, కాళ్లకి దుమ్ము పట్టిన బూట్లు. ఇల్లంతా చూసి చివరికి వంటింట్లోకి వచ్చింది. భర్త వెనకే వచ్చి, కంత నుంచి పొయ్యి దాకా ఒక్కొక్కటీ వర్ణించాడు. ఏ దూలం ఎక్కడ దొరికిందో, ఏ రాయి ఎవరు చెక్కారో. గోడలు ఎవరు తడిపారో ఆ వర్ణనలో రాలేదు.

“ఆ రోజుల్లో ఇక్కడ ఎవరుండేవాళ్లు?” అని అడిగిందావిడ.

“పనివాళ్లండీ. పనివాళ్లేమిటి లెండి, ఇంచుమించు బానిసలే. అందుకే చూడండి, గాలీ వెలుతురూ ఏమీ ఉండవు. ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు,” అన్నాడు భర్త, ఆ పాపమంతా ఆ దొరలదే అన్నట్టు తల ఆడిస్తూ.

“ఇప్పుడో?”

“ఇప్పుడు పనివాళ్లెవరూ లేరండీ. మా ఆవిడే.”

ఎంత హాయిగా అనేశాడు! ఆమె పెదవుల దాకా వచ్చిన కిటికీ అక్కడే ఆగిపోయింది. కిటికీ అడిగితే మహా అయితే కిటికీ ఇస్తారు. దాంతోపాటు ఈ వంటింటిని కూడా ఆమెకే రాసిచ్చేస్తారు. ‘నీ కిటికీ నీకు పెట్టించాం కదా, ఇంకేమిటి?’ అంటారు. ఇన్నాళ్లూ ఎంత తక్కువ అడగాలా అని ఆలోచిస్తూ గడిపేసిందేమో అనిపించింది.

ఆర్కిటెక్టు గోడని వేలితో రాసి చూసి, “జిడ్డు పడుతోందే,” అంది.

“నెలనెలా తుడవమని చెబుతూనే ఉన్నానండీ,” అన్నాడు భర్త.

“తుడిస్తే పోదండీ,” అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “వండినంతకాలం పడుతూనే ఉంటుంది. పైన దూలాలకి కూడా పడుతోంది. అవి ఆనాటివే. ఇదంతా చరిత్ర, పాడు చేయకూడదని ఆయనే అంటారు. అందుకని ఇది ఎలా ఉందో అలాగే ఉంచేయండి. కిటికీ వద్దు, కుళాయి వద్దు. ఇందులో మాత్రం ఎవరూ వండకూడదని రాయండి. చూడడానికి వచ్చినవాళ్లు చూసి వెళ్తారు.”

భర్త నవ్వాడు. “తమాషా చేస్తోందండీ.”

“నాకలా అనిపించలేదండీ,” అంది ఆర్కిటెక్టు. ఆమె మొహంలోకి ఒకసారి నిదానంగా చూసి, చెక్కపెట్టె వైపు చూసి, కళ్లజోడు పెట్టుకుంది. “ఆవిడ చెప్పింది నిజమే. నిప్పు వెలిగించకూడదని నిబంధన పెట్టే వీలు మాకుంది. మీకు అభ్యంతరమా?”

ఇంతసేపూ ఆ దూలాల గొప్పతనం చెప్పిన మనిషి ఏ మొహంతో కాదంటాడు? “అబ్బే, అభ్యంతరమేముందండీ,” అన్నాడు. ఆవిడ అక్కడే నిలబడి రాసేసింది. రాయడం అయ్యేదాకా ఆమె కదల్లేదు.

కారు మలుపు తిరిగాక భర్త పెరట్లో నిలబడిపోయాడు. ఇంటి వైపు చూశాడు, వంటింటి వైపు చూశాడు.

“మరి రేపణ్నించి వంట ఎక్కడ?” అన్నాడు.

ఆ వంటింటి గురించి అతను ఆమెని అడిగిన మొదటి ప్రశ్న అది.