ఏటిగట్టు మీద సైకిలు

శారదా ఏటి గట్టు మీద పని లేకుండా తిరిగే మనిషిని ఆ ఊరు అంతకుముందు ఎరగదు. గట్టెక్కితే తప్పిపోయిన గొడ్డు కోసం ఎక్కాలి, లేదంటే వరద ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి ఎక్కాలి. చెంబు పట్టుకుని పోయేవాళ్లు కూడా గట్టు దిగి రెల్లు చాటుకే పోతారు. అలాంటిది మరిడమ్మ కొడుకు త్రినాధరావు పట్టాళం నుంచి వచ్చాక అనకాపల్లిలో ఒక పాత సైకిలు కొన్నాడు. పొద్దు వాలే వేళకి దాన్ని గట్టెక్కించి దిగువకి పోతాడు. చీకటి పడేలోగా తిరిగి వస్తాడు. పోయేటప్పుడు చేతిలో ఏమీ ఉండదు, వచ్చేటప్పుడూ ఏమీ ఉండదు. ఊరికి మింగుడు పడనిది అదే.

మొదట్లో ఆడమనిషి సంగతి అనుకున్నారు. రాంబిల్లి దారిలో ఎవర్తో ఉందని ఒకరంటే, కాదు కొండకర్ల వైపని ఇంకొకరన్నారు. మరిడమ్మకీ అదే అనుమానం. కొడుకు చొక్కా ఉతికే ముందు రహస్యంగా వాసన చూసేది. చెమట వాసన, చైను నూనె వాసన తప్ప మరొకటి తగల్లేదు. దాంతో ఆమెకి గుబులు ఇంకా పెరిగింది. మొగుడు పోయాక ఉన్న ఒక్క ముక్క చెరుకుతోటే ఆధారంగా పెంచిన కొడుకు. కొడుకు మనసులో ఏముందో తెలియకపోతే ఆమెకి అన్నం సహించదు.

యుద్ధం ముగిసి ఏడాది దాటినా కంట్రోలు మాత్రం ముగియలేదు. పండిన ధాన్యంలో తిండికి పోను మిగిలింది సర్కారుకి కొలవాలి. అందరూ కొంత కొలిచారు, కొంత దాచారు. ఎవరు ఎక్కడ దాచారో ఎవరూ అడగరు, ఆ మాత్రం మర్యాద ఊళ్లో ఉంది. మాఘమాసంలో ఒకనాడు సప్లయి ఇన్‌స్పెక్టరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఏ గుమ్మం ముందూ ఆగలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. అత్తవారింటికి పోయినట్టు తిన్నగా త్రినాధరావుకి బావ వరసయ్యే ఎర్రయ్య చెరుకుతోటలోకి నడిచి, తోట నడుమ ఉన్న గడ్డిమేటు పడగొట్టించి, దాని కింద పేర్చిన ధాన్యం బస్తాలు బండికెత్తించుకుని పోయాడు.

ఎవరో చెప్పకుండా అలా ఎలా వస్తాడు?

ఎర్రయ్య బెల్లం దిమ్మలు బండికేసుకుని అనకాపల్లి పోయినప్పుడు, పనిగట్టుకుని నాగూర్ మీరా సైకిలు షాపుకి వెళ్లాడు. త్రినాధరావుకి సైకిలు అమ్మింది ఆయనే. ఆయనకి ఊళ్లో గొడవ తెలియదు. మీ వాడు వింత మనిషయ్యా, అని మెచ్చుకోలుగా మొదలుపెట్టాడు. అందరూ వచ్చి పెద్ద గంట బిగించమంటారట, ఇతను ఉన్న గంట తీయించేశాడట. మడ్‌గార్డు గలగలమంటోందని సందులో గుడ్డపీలిక కుక్కించుకున్నాడట. బండి నడుస్తోందన్న సంగతి తన చెవికి కూడా తెలియకూడదన్నాడట. అలాగే చేసి ఇచ్చానని, తన పనితనం చెప్పుకుని మురిసిపోయాడు నాగూర్ మీరా.

ఎర్రయ్యకి అంతకంటే ఏం కావాలి? చప్పుడు కాకుండా తిరిగేది ఎవరు? దొంగో, వేగులవాడో. దొంగ అయితే ఏదో ఒకటి పట్టుకొస్తాడు.

ఆ ఊరి చెరుకంతా ఒకే గానుగ మీద ఆడాలి. ఒకే ఇనుప గానుగ, ఒకే పెనం. సీజను మొదట్లో వంతులు వేసుకుంటారు. ఎవరి వంతు వస్తే వాళ్ల చెరుకు నరకడానికీ, గానుగకి ఎడ్లు కట్టడానికీ, పొయ్యి ఎగదొయ్యడానికీ తక్కినవాళ్లందరూ వస్తారు. ఒక్క ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. అందుచేత ఆ ఊళ్లో మనిషిని వెలి వెయ్యాలంటే నోరు చేసుకోనక్కర్లేదు, వంతు నాడు ఎవరూ రాకపోతే చాలు. గానుగసాల పెద్ద బంగారయ్య వంతు దగ్గరకొచ్చింది. ఆ తరవాతది మరిడమ్మ వంతు. ఆమె తోట అప్పటికే పూత వేసింది. ఇంకా ఆగితే ఎండకి గెడలు బెండుబారి రసం తప్పుతుంది, ఏడాది తిండి అక్కడితో సరి.

గానుగసాలలో పదిమందీ ఉండగా ఎర్రయ్య మాట బయట పెట్టాడు.

"గట్టు మీద ఆడు ఏటి సేత్తన్నాడో సెప్పాల. సెప్పినాకే మరిడత్త సెరుకు గానుగెక్కుద్ది."

బంగారయ్య మరిడమ్మకి స్వయానా అన్న. ఆయన కాదనలేదు. ఆయనకీ అనుమానం ఉంది మరి. మేనల్లుణ్ణి పిలిపించారు.

త్రినాధరావు వచ్చి దాపరికం లేకుండా చెప్పాడు. పట్టాళంలో అతనిది వంతెనలు కట్టే దళం. ఇటలీ దేశంలో ఫిరంగుల మోతకి నెలల తరబడి నిద్రలేదు. తరవాత ఆ దేశంలోనే ఒక పల్లపు ప్రాంతానికి వచ్చారు. కొండన్నది లేదు, కంటికి ఆనినంత మేర చదును. ఏర్లకి అటూ ఇటూ ఎత్తైన గట్లు, గట్ల మీద సైకిలు పోయే బాటలు, వరసగా నిటారుగా పెరిగిన చెట్లు. వంతెనలన్నీ కూలిపోవడంతో మోటార్లు లేవు, బళ్లు లేవు. ఒక వంతెన పని నుంచి ఇంకో వంతెన పనికి కబురు అందించడానికి ఇతనికి ఒక సైకిలు ఇచ్చారు. ఏరు పక్కన, గట్టు మీద, తనూ సైకిలూ. అప్పుడప్పుడు తలకి గుడ్డ కట్టుకున్న ముసలమ్మ సైకిలు మీద ఎదురొచ్చి తలూపి పోయేది. అంతే. అక్కడే తన తలలో మోత తగ్గింది. ఇంటికొచ్చాక మళ్లీ మొదలైంది. ఏటిగట్టు మీద తిరిగితే తగ్గుతోంది.

ఆ ఏటి పేరేమిటని ఎవరో అడిగితే 'పో' అన్నాడు. గానుగసాలంతా నవ్వారు. ఎర్రయ్య మాత్రం నవ్వలేదు.

"యుద్ధం జరిగే దేశంలో మనుసులు నేని రోడ్డుంటాదేటి బావా? ముసలమ్మలు సైకిలు తొక్కుతారేటి? అబద్ధం ఆడితే కూసింత నమ్మీలాగ ఆడాల."

నిజం చెప్పి త్రినాధరావు మరింత ఇరుక్కున్నాడు.

ఆ పూట మరిడమ్మ అన్న ఇంటికి వెళ్లి కూర్చుంది. ఏడవలేదు. చెరుకు పూత సంగతి చెప్పి ఊరుకుంది. వెనకాలే కొడుకు వచ్చి, సైకిలు నాగూర్ మీరాకే ఇచ్చేస్తానని, ఇక గట్టెక్కనని మేనమామతో అన్నాడు. తల్లి చెరుకు కంటే సైకిలు ఎక్కువ కాదన్నాడు.

బంగారయ్య చుట్ట ముట్టించాడు. "ఇప్పుడు మానేత్తే ఒప్పుకున్నట్టేరా. రేపు ఎప్పట్లాగే పో. నేనూ వత్తాను."

"నడిసా మామా?"

"నడిత్తే నీ ఎనకాల ఎక్కడందుకుంటాన్రా? ఎక్కుతాను."

మర్నాడు పొద్దు వాలాక బంగారయ్య పంచె ఎగ్గట్టి, వెనక క్యారేజీ మీద చెరో పక్కకీ కాళ్లేసుకుని, సీటు కింద స్ప్రింగు పట్టుకుని కూర్చున్నాడు. కాసేపు దేవుళ్లనందర్నీ తలుచుకున్నాడు. తరవాత అలవాటు పడ్డాడు. కింద మెత్తటి దుమ్ములో టైరు మెల్లగా నడుస్తోంది. ఏట్లో నీరు సన్నగా పాయలుగా పారుతోంది. ఇసుక మీద కొంగలు సైకిలుకి బెదరలేదు.

ఆయన ఎక్కింది గాలికి కాదు. వీడు ఎటు చూస్తాడు, ఎక్కడ ఆగుతాడు, ఎవరికి చెయ్యి ఊపుతాడు, అది చూడ్డానికి. వెనక కూర్చున్నవాడికి ఎదురుగా ముందున్న మనిషి మెడ తప్ప మరేదీ కనబడదు. ఆ మెడ మీదే కళ్లు పెట్టాడు. అది తిరిగితే ఏటివైపే తిరుగుతోంది. పొలాల వైపు ఒక్కసారి కూడా మళ్లలేదు.

మేనల్లుడు చూడని వైపేముందో అని తను చూశాడు బంగారయ్య. చూసి స్ప్రింగు గట్టిగా పట్టుకున్నాడు.

గట్టు ఎత్తు మీంచి చెరుకుతోటల నడిమధ్య గడ్డిమేట్లు ఆరేసిన చీరల్లా కనబడుతున్నాయి. ఊరి బాట నుంచి చూస్తే నిలువెత్తు చెరుకే, ఇక్కణ్ణించి చూస్తే దాపరికమే లేదు. బుద్ధున్న రైతు ఎవడైనా గడ్డిమేటు గొడ్లసాల దగ్గర వేస్తాడు గాని, గొడ్డు అడుగుపెట్టని తోటలో వేస్తాడా? ఒక్క చూపుకే ఎవడికైనా తెలిసిపోతుంది. గట్టెక్కేవాడు లేడన్న ధైర్యంతో ఊరు ఊరంతా ఏటికి వీపు పెట్టి దాచుకుంది. వాటిలో బంగారయ్యదీ ఉంది.

తిరిగి వస్తుంటే ఎగువన రైలు వంతెన మీదికి పాసింజరు వచ్చింది. ఎండ వాలుగా పడి, కిటికీల్లో జనం మొహాలు కూడా తెలుస్తున్నాయి. వాళ్లు మనకి కనబడితే మన పొలాలు వాళ్లకి కనబడవా? ఇన్‌స్పెక్టరు ఎలమంచిలి నుంచి వచ్చేది ఆ బండిలోనే. ఆ వంతెనకి అన్నిటికంటే దగ్గర ఉన్నది ఎర్రయ్య తోట.

"ఆపరా," అని దిగాడు బంగారయ్య. "అయన్నీ నీకెప్పుడూ కనబడ్నేదా?"

"ఏటి మామా?"

"ఆ గడ్డిమేట్లు."

త్రినాధరావు అప్పుడు పొలాల వైపు తిరిగి, కొత్త ఊరు చూసినట్టు చూశాడు. "ఇటేపు నేనెప్పుడూ సూణ్ణేదు మామా. ఏటేపే సూత్తాను."

బంగారయ్య నమ్మాడు. వెనక కూర్చుని ఆ మెడ చూశాడు గనక నమ్మాడు. ఊరు నమ్మదని కూడా ఆయనకి తెలుసు. పైగా ఇప్పుడు ఊరి దాపరికాలన్నీ తెలిసినవాడు మేనల్లుడు కాదు, తనే. నోరు విప్పితే ఆ అనుమానం తన నెత్తికి చుట్టుకుంటుంది. విప్పకపోతే చెల్లెలి చెరుకు ఎండుతుంది. ఇంటిదాకా సైకిలెక్కకుండా నడిచే వచ్చాడు.

తెల్లారి గానుగసాలలో మాట దాచకుండా చెప్పేశాడు. తోటల్లో మేట్లు గట్టు మీదికీ, రైలు వంతెన మీదికీ బాగా కనబడుతున్నాయని, ఎవరి జాగ్రత్త వాళ్లు పడమని అన్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఎర్రయ్య గొంతు సవరించుకున్నాడు. "ఎవలెవలియి కనబడ్డాయి?"

"నాది కనబడింది."

"నీదొక్కటే కనబడిందా?"

"నాదొక్కటే సూసేను."

ఆయన అందరివీ చూశాడని అందరికీ అర్థమైంది. అర్థమైనకొద్దీ బంగారయ్యకి ఎదురుగా కూర్చున్నవాళ్లు కొంచెం పక్కకి జరిగారు. ఎర్రయ్య వదల్లేదు. దినాం తిరిగినవాడు చూడలేదంటే ఎలా నమ్మమంటావని నిలదీశాడు.

"నమ్మొద్దు," అన్నాడు బంగారయ్య. "నా వంతు మరిడికి ఇచ్చేసేను. రేపు నా సెరుక్కి రావలసినోళ్లందరూ దాని సెరుక్కి రండి."

వంతు ఇచ్చుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. పనికి రావడం వంతుకి గాని మనిషికి కాదు. బంగారయ్య ఎడ్లు ఆ సీజనులో అందరి చెరుక్కీ గానుగ తిప్పాయి, ఆ చాకిరీ అందరూ తీర్చాలి. రాకపోతే ఆయనకి ఎగ్గొట్టినట్టు అవుతుంది గాని మరిడమ్మకి కాదు. వంతు ఇచ్చుకున్నవాడు వరస చివరికి పోవాలి కాబట్టి ఆయన చెరుకు మాత్రం ఇక అందరి తరవాతే, అందులో ఎంత ఎండుతుందో ఆయన పైకి అనలేదు.

ఆ సాయంత్రం ఏటిగట్టు మీద జనమే జనం. ఒకడికి దూడ తప్పిపోయింది, ఒకడికి దర్భలు కావాలి, ఇంకొకడికి కడుపు బాగోలేదు. ఎవరి తోట వైపు వాళ్లు వారగా చూసుకుంటున్నారు. త్రినాధరావు సైకిలు తియ్యలేదు. తల్లి తోటలో చెరుకు నరుకుతున్నాడు.

మర్నాడు అందరూ వచ్చారు. ఎడ్లు కట్టారు, గెడలు అందించారు, త్రినాధరావుతో అవసరానికి మించి మాట్లాడలేదు. మధ్యాహ్నానికి పెనంలో రసం చిక్కబడి బుడగలు వేస్తోంది. మరిడమ్మ పొద్దుటినుంచి నిలుచునే ఉంది. త్రినాధరావు పొయ్యిలోకి పిప్పి తోస్తుంటే, ఎర్రయ్య వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఆళ్లకి దొరక్కుండా మిగిలింది మళ్లీ దాసేను బావా. రేపోపాలి నన్ను ఎనకాల ఎక్కించుకో. కనబడతాదో నేదో సూసుకోవాల."

"రా. గట్టు మీద మాత్రం మాటాడకూడదు."

ఎర్రయ్య అతని వైపు అనుమానంగా చూశాడు. "ఏం? ఎవలింటారు?"

జవాబు వచ్చేలోగా బంగారయ్య పాకం వేలితో ఉండకట్టి చూసి, వచ్చేసింది, దించండని కేకేశాడు. ఒక్క క్షణం ఆలస్యమైతే మాడిపోతుంది. పెనం కడియాల్లోకి దూర్చిన బొంగు ఒక కొస త్రినాధరావు ఎత్తాడు. రెండో కొస దగ్గర ఎర్రయ్య తప్ప ఎవరూ లేరు. అతను వంగి ఎత్తాడు. మరిడమ్మ బెల్లం ఒలకకుండా చెక్క తొట్టిలోకి దిగేదాకా, బొంగు ఆ చివర నుంచి ఎర్రయ్య కళ్లు త్రినాధరావు మొహం మీదే ఉన్నాయి.