పది దాకా లెక్క

కాకుపే ఊరి బయట పాత రన్‌వే మీద ప్రతి ఆదివారం హెలికాప్టర్లు ఎగురుతాయి. మనుషులెక్కేవి కావు, రిమోట్‌తో ఆడించేవి. వాటిని బొమ్మలంటే మాత్రం ఎలాదియోకి ఒళ్ళు మండుతుంది. మూరన్నరేసి రెక్కలు నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగేదాన్ని బొమ్మ అనేవాడికి కళ్ళున్నా లేనట్టే అంటాడు.

అక్కడి కట్టుబాటు ఒక్కటే. ఎవరైనా "తాళం!" అని అరిస్తే, ఎగరేసేవాడు మారుమాట లేకుండా రిమోట్ మీద తాళం మీట వేసెయ్యాలి. మోటారు చస్తుంది. రెక్కలు చావవు, కాసేపు వాటి ఊపులో అవి తిరుగుతూనే ఉంటాయి. అందుకని పైకే పది లెక్కపెట్టి, ఆ తర్వాతే దగ్గరికెళ్ళాలి. ఇది ఎలాదియో తండ్రి పెట్టిన కట్టుబాటు. రెండు వేళ్ళు పోగొట్టుకున్నాక పెట్టాడు. కొడుకూ కూతురూ ఆ మైదానంలోనే లెక్కలు నేర్చుకున్నారు. కూతుర్ని చేసుకున్న విల్ఫ్రిదో మాత్రం, ఇదేం పిల్లల బడి అని నవ్వేవాడు.

ఆ ఆదివారం ఎలాదియో హెలికాప్టర్ గాలిలో తలకిందులుగా నిలబడి ఉంది. వెనక నీడలో అతని చెల్లెలు నిమియా చల్లటి తెరెరే ఆకుటీ నింపిన కప్పును ఒక్కొక్కరికీ అందిస్తోంది. కుడి మణికట్టుకు గుడ్డ చుట్టుకుంది. కనుబొమ మీద పక్కు కట్టిన గాయం.

ఏమైందని ఎలాదియో పొద్దున్నే అడిగాడు. "శుక్రవారం మా బండి తలుపులో చెయ్యి ఇరుక్కుందన్నా. ఆ కంగారులో తల కూడా కొట్టుకున్నా," అంది. మార్చిలో స్నానాలగదిలో జారిందట. అంతకుముందు కుక్క లాగి పడేసిందట. చిన్నప్పట్నుంచీ దీనికి పరధ్యానమే అని ఎలాదియో నమ్మేశాడు. నమ్మితే పని సులువు కదా మరి.

"ఏరా విల్ఫ్రిదో, ఆ డొక్కు బండిని ఇంకా వదిలించుకోలేదా?" ముసలి బ్రిహిదో గిల్లాడు.

"డొక్కా? గేర్‌బాక్స్ కొత్తది పెద్దయ్యా! పోయిన ఆదివారం ఇక్కణ్ణించే మెకానిక్ దగ్గరికి తోలుకెళ్ళానా, వారమంతా వాడి షెడ్డులోనే పడుంది. ఇవాళ పొద్దున్నే తెచ్చుకున్నా. బస్సుల్లో వేలాడి వేలాడి చచ్చాననుకో!"

"పెళ్ళాం లేకపోయినా ఉంటావు గానీ, బండి లేకపోతే ఉండలేవురా నువ్వు!"

అందరూ నవ్వారు. నిమియా నవ్వలేదు. ఎలాదియో బొటనవేళ్ళు రిమోట్ మీద బిగుసుకుపోయాయి. బండి వారమంతా షెడ్డులో ఉంటే, శుక్రవారం చెయ్యి ఇరుక్కున్న తలుపు ఏది?

హెలికాప్టర్‌ని తిరగేసి, కిందికి దించి, రన్‌వే అంచు దాటించాడు.

"ఒరేయ్ ఎలాదియో, జనం మీదికి తెస్తున్నావ్! పిచ్చెక్కిందా?" బ్రిహిదో కుర్చీ తన్నుకుంటూ లేచాడు.

అది బండికి ఆనుకుని నిలబడ్డ విల్ఫ్రిదో ముందు, రెండడుగుల దూరంలో ఆగింది. దుమ్ము లేచి కళ్ళల్లో కొట్టింది.

"శుక్రవారం నిమియా చెయ్యి ఏ తలుపులో పడింది బావా?"

"ఏంటి బావా ఈ సరసం? దూరం తియ్యి."

"ఏ తలుపులోరా?"

ఇంకో జానెడు ముందుకొచ్చింది. విల్ఫ్రిదో గడ్డి టోపీ అంచు రెక్కకు తగిలి పొట్టులా రాలింది. అతని మొహం తెల్లబోయింది, ఆ వెంటనే ఎర్రబడింది.

"కొట్టాను! అయితే ఏంటి? నా పెళ్ళాం, నా ఇష్టం! దమ్ముంటే ఆ బొమ్మ పక్కన పడేసి రా!"

చంపేద్దామనే అనుకున్నాడు ఎలాదియో. అందులో దాపరికమేమీ లేదు. బొటనవేలు కదిపాడు. సరిగ్గా అప్పుడే నిమియా అడ్డంగా పరుగెత్తుకొచ్చింది. విల్ఫ్రిదో ఆమెను ఆ వాచిన మణికట్టే పట్టి గుంజి తన ముందు నిలబెట్టుకున్నాడు. ఆమె గావుకేక పెట్టింది.

"ఇప్పుడు కొయ్యరా! కొయ్యి!"

"తాళం!" అని అరిచింది నిమియా.

మనసు వద్దంటూనే ఉంది, ముప్ఫై ఏళ్ళ అలవాటు వేలిచేత మీట వేయించింది. మోటారు మూగబోయింది. హెలికాప్టర్ కాస్త వెనక్కి తూలి, నేల మీద నిలువుగా దిగింది.

"ఒకటి," అంది నిమియా.

విల్ఫ్రిదో ఆమెను పక్కకి తోసేశాడు. ఆమె మోకాళ్ళ మీద పడింది.

"రెండు. మూడు."

"ఇంకా లెక్కలేంటే నీకు?" అంటూ నిక్కరూ రబ్బరు చెప్పులతో ఊగిపోతూ హెలికాప్టర్ మీదికెళ్ళాడు.

"ఆగరా! రెక్కలు!" బ్రిహిదో గొంతు చించుకున్నాడు. ఆ మాట వినే స్థితిలో లేడు వాడు. బలంగా తన్నాడు.

"నాలుగు."

మొద్దు మీద మాంసం కొట్టిన చప్పుడు. మోకాలి కింద ఎముక తెల్లగా కనిపించి, మరుక్షణం కనిపించకుండా పోయింది. నెత్తురు బండి చక్రం దాకా చిమ్మింది. విల్ఫ్రిదో కిందపడి పశువులా అరిచాడు. బ్రిహిదో బెల్టు ఊడదీసి అతని తొడకు బిగించాడు, ఎవరో ఆసుపత్రికి ఫోన్ చేశారు. ఎలాదియోకి సంతోషం కలిగింది. ఆ సంతోషం చూసి తనకే భయమేసింది.

"నిమియా! నిమియా!" కింద నుంచి ఒకటే పిలుపు.

ఆమె లేచి నిలబడి, తొందర లేకుండా లెక్కపెడుతోంది. "ఎనిమిది. తొమ్మిది. పది."

కట్టుబాటు ప్రకారం ఇక దగ్గరికి వెళ్ళొచ్చు. ఆమె మొగుడి వైపు ఒకసారి చూసి, అతన్ని చుట్టి నడిచి అన్న దగ్గరికొచ్చింది.

"అన్నా, నీ బండి తలుపు తియ్యవా? నా చెయ్యి లేవట్లేదు. విరిగినట్టుంది."

ఎలాదియో తలుపు తీశాడు. ఆమె ఎక్కి, ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకునేదాకా తలుపును గట్టిగా పట్టుకునే నిలబడ్డాడు. తర్వాత మెల్లగా వేశాడు.