నలభై నిమిషాల కూనిరాగం

ఇంకా ముప్పై ఎంబీ తగ్గాలి. గాబ్రియేలు కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, ఆటలోని ఫైళ్ల వరుసను మళ్లీ పైనుంచి చూసుకుంటూ వచ్చాడు. పరాయి భాషల గొంతులు ఇప్పటికే తీసేశాడు. ఇలాంటి ఆటల్లో కొట్టుకు సరుకుల కోసం వచ్చే ముసలమ్మ మాటలైతే ఎప్పుడూ తీసేస్తాడు. ఆమె ముచ్చట్లు వినడానికి ఈ సీడీ కొనేవాడు కర్నూల్లో ఒక్కడూ లేడు.

రెండు సీడీల ఆటను ఒక్క సీడీలో ఇరికించడం అతని పని. నలభై రెండేళ్ల మనిషి. వీపు కాస్త వంగింది, మౌసు పట్టే చేతికి మణికట్టు దగ్గర చర్మం నల్లగా మొద్దుబారింది. ఎక్కడో ఇద్దరు ముగ్గురు కలిసి చేసుకున్న చిన్న ఆటలివి. కొట్టు తెరవాలి, అరలు సర్దాలి, బేరం పెంచాలి. బేరం బాగా సాగితే, షట్టరు దించాక, పెద్దలు మాత్రమే చూడాల్సిన బొమ్మలొస్తాయి. కొనేవాళ్లకు కావలసింది అదే. గాబ్రియేలుకు మాత్రం అరలు సర్దడమే ఇష్టం. నిజం కొట్టు పెట్టుకునే రాత లేనివాడికి అదో తృప్తి.

అందుకే షట్టరు తర్వాతదంతా కోసేసి, ఇంటికోసం ఒక కాపీ వేరే చేసుకున్నాడు. మధ్యాహ్నాలు భార్య మహిమ ఆ కొట్టు నడిపేది. సబ్బులొక అరలో, పప్పులొక అరలో పేర్చుకుంటూ, చర్చిలో పాడే గొంతుతో తనకు తెలియకుండానే కూనిరాగం తీసేది. ఒకరోజు మైకు పెట్టి దాన్ని రికార్డు చేశాడు. ఊపిరి తగిలి బరబరమంటోందని ఆమే పాత నీలం చీర అంచు చింపి మైకు మూతికి కట్టింది.

"పిల్లోల్ల ఆటలో నా పాటా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అంత గట్టిగా కుదించిన ఆట కంప్యూటర్లోకి ఎక్కడానికి నలభై నిమిషాలు పడుతుంది. అంతసేపూ తెరమీద ఆ షట్టరు తర్వాతి బొమ్మలు మారుతుండాలి, ఏదో ఒక పాట మోగుతుండాలి. లేకపోతే కొన్నవాడు విసిగి ఆపేస్తాడు. ఎన్ని పాటల్లేవు లోకంలో! గాబ్రియేలు బుద్ధి గడ్డి తిని, అమ్మే సీడీల్లో భార్య రాగమే పెట్టాడు. ఆమె గొంతు నలుగురూ వినాలన్న మురిపెమే తప్ప మనసులో ఇంకేమీ లేదు. ఆ బొమ్మలేమిటో మాత్రం ఆమెకు చెప్పలేదు. వచ్చే వారం తీసేద్దాం, వచ్చే వారం తీసేద్దాం అనుకుంటూనే ఆరు నెలలు గడిపేశాడు.

పదకొండింటికి యజమాని రాఘవేంద్రప్రసాద్ చెమటలు కక్కుతూ మెట్లెక్కి పనిగదికి వచ్చాడు.

"ఏమప్పా గాబ్రియేలూ, రాయచోటోల్లు యాభై అడుగుతాండారు. ఆ యమ్మ రాగం ఉండేదే కావల్లంట. అది లేకుంటే డూప్లికేటంట!"

దొంగ కాపీల్లో ఏది అసలుదో తేల్చేది తన భార్య గొంతు. గాబ్రియేలుకు ముందు గర్వమే కలిగింది. ఆ తర్వాతే సిగ్గేసింది. అయినా యాభై సీడీలూ రైట్ చేసి, నాలుగింటి రాయచోటి బస్సుకు పంపించాకే ఇంటికి బయలుదేరాడు.

మహిమ గడప దగ్గర సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. ఆదివారం కట్టే తెల్లచీర కట్టుకుంది. పొయ్యి మీద ఏమీ లేదు.

"రేషన్ కార్డు జిరాక్సుకని నెట్ సెంటరుకు పోయినా," అంది తల ఎత్తకుండా. "పక్క గదిలో నా పాట వినపడ్య. సంబరమై లేసిపోయినా. ఇద్దరు మొగోల్లు కూసోనుండారు. 'ఈ పాడేది నేనే నాయనా' అని నేనే చెప్పుకుంటి. వాల్లు తెర సూసినారు, నా మొగం సూసినారు, నగినారు."

గాబ్రియేలు ఆమె పక్కనున్న సంచి వైపు చూశాడు.

"అప్పుడు నేనూ సూసినా తెర."

"తీసేస్తా మహిమా. ఇప్పుడే పోయి తీసేస్తా."

"ఎన్నిట్లో తీస్తావు? ఆదివారం చర్చిలో నేను నోరెట్లా తెరిసేది?"

కడపలో అక్క వరమ్మ దగ్గరికి పోతానంది. అరవలేదు, ఏడవలేదు. అతను సంచి అందుకోబోతే ఇవ్వకుండా తనే మోసుకుని ఆటో ఎక్కింది. ఎప్పుడొస్తావని అడిగే ముఖం అతనికి లేకపోయింది.

గాబ్రియేలు తిరిగి పనిగదికి పోయి ఆ రాగాన్ని తీసేశాడు. రెండు నిమిషాల పని. ఆరు నెలలు వాయిదా వేసింది ఈ రెండు నిమిషాలనే. రాయచోటి బస్సు అప్పటికే ఊరు దాటిపోయింది.

దీపాలు పెట్టే వేళకు ఇంటికొచ్చి కంప్యూటరు వేశాడు. తెరమీద మహిమ కొట్టు తెరుచుకుంది. అరలన్నీ సర్ది ఉన్నాయి, సబ్బులు సబ్బుల చోట, పప్పులు పప్పుల చోట. ముసలమ్మ వచ్చి నిలబడి పెదాలు కదిపింది. ఆమె మాటలు తీసేసింది తనే కదా, ఏమడుగుతోందో అతనికి తెలియలేదు. తెర పక్కన మైకు ఉంది, దాని మూతికి మహిమ కట్టిన నీలం గుడ్డ, వేసిన ముడి వేసినట్టే ఉంది.