బావగారి పచ్చదీపం

ఆస్పత్రి పాత భవనంలో, నెట్‌వర్క్ గదిలో, దాన్ని చూసుకునే బావగారు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా కంప్యూటర్లని కలిపే ఆయన స్విచ్ పెట్టె మీద, లైను కలిసిందని చెప్పే పచ్చదీపం వెలుగుతోంది. అంతే, ఇక ఆ మహానుభావుడికి లోకంతో పనిలేదు. కొత్త భవనంలోని స్విచ్ దీపం వెలగకపోతే ఆ తప్పు మధ్యలో వెలుగును మోసే ఫైబర్ తీగ వేసిన మరదలిదట.

మరదలి పనే ఫైబర్ అతకడం. పొద్దున్నుంచి అదే అతుకు మూడుసార్లు విప్పి వేసింది. మూడుసార్లూ అతుకు బాగానే ఉందని మీటరు చూపించింది. సాయంత్రం నాలుగులోపు రెండో దీపం వెలగకపోతే ఆమె కాంట్రాక్టు రద్దు. సూపరింటెండెంటుకు ఇవ్వాల్సిన లోపాల రిపోర్టు మీద బావగారు పొద్దున్నే సంతకం కూడా గీకేశాడు. కారణం రాసే గడి మాత్రం ఖాళీగా వదిలాడు. ఆమె తప్పు ఆమే రాసుకోవాలట. ఎంత దయ!

ఆమెకు ఒళ్లు మండింది. ఆటో నెగోషియేషన్ ఆపేశారా అని సూటిగా అడిగింది. అంటే రెండు కొసల్లోని స్విచ్‌లు ముందు పలకరించుకుని, ఒప్పందానికి వచ్చి, ఆ తర్వాత పని మొదలుపెట్టడం. బావగారు గర్వంగా తలూపాడు. ఆయన స్విచ్ ఎవర్నీ అడగదట, పదేళ్లుగా అదే పద్ధతట. ఇంట్లో అక్క దగ్గరా అదే పద్ధతి.

ఫైబర్‌లో రెండు పోగులు. ఒకటి ఇక్కణ్ణుంచి వెలుగు పంపడానికి, ఇంకోటి అవతలి వెలుగు అందుకోవడానికి. ఆమె బావగారి స్విచ్ నుంచి పంపే పోగును ఊడబీకింది. పచ్చదీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంది.

"చూశారా బావగారూ? మీ మాట ఈ గది కూడా దాటట్లేదు, అయినా అవతలి వెలుగు అందితే చాలు, మీ దీపానికేం లోటు లేదు. అవతలిది పలకరిస్తే మీరు బదులివ్వరు. అందుకే అది వెలగట్లేదు."

బావగారి మొహం మాడిపోయింది. ఆమె పోగు తగిలించాక సెట్టింగ్ మార్చాడు. కాసేపటికి కొత్త భవనం నర్సు ఫోన్ చేసి అక్కడా దీపం వెలిగిందని చెప్పింది. నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి.

అప్పుడు దిగింది బావగారి గొంతు. అయినవాళ్లం కదా, కారణం దగ్గర అతుకులో దుమ్ము అని రాసెయ్యమని బతిమాలాడు. దుమ్మంటే మళ్లీ ఆమె నెత్తికే చుట్టుకుంటుంది. సిగ్గులేని మనిషి!

ఆమె గడి నిండా రాసింది: పాత భవనం స్విచ్‌లో ఆటో నెగోషియేషన్ ఆపేసి ఉంది, ఫైబర్‌లో లోపం లేదు. అది చదివి బావగారు దానికింద చచ్చినా సంతకం పెట్టనన్నాడు.

"పొద్దున్నే పెట్టేశారుగా," అని ఆమె కాగితం మడిచి పట్టుకుని సూపరింటెండెంటు గదివైపు నడిచింది.